దూరవిద్యలో పాఠం రాసుకోవడం నేర్చుకున్నాను

42లోంచి 17 తీసివేయమని బోర్డు మీద లెక్క వేస్తే, మా మూడో తరగతిలో సగానికి పైగా పలకల మీద 35 కనిపించేది. రెండులోంచి ఏడు పోదు కాబట్టి పిల్లలు ఏడులోంచే రెండు తీసేసి, పదుల్లో నాలుగులోంచి ఒకటి తీసేసి, ఏ సందేహమూ లేకుండా పలక ఎత్తి చూపించేవారు. ఉద్యోగంలో చేరిన తొలి నాలుగేళ్లూ నేను ఆ 35కు అడ్డగీత పెట్టి, "పక్క స్థానం నుంచి ఒకటి అప్పు తెచ్చుకోవాలి" అని మళ్లీ చెప్పి, అదే రకం లెక్కలు మరో పది ఇచ్చేదాన్ని. ఆ 35 వెనుక పిల్లవాడి ఆలోచన ఒకటి ఉందనీ, దాన్ని ముందుగానే ఊహించి పాఠం రాసుకోవచ్చనీ నాకు తెలిసింది 2018లో, దూరవిద్యలో డి.ఎల్.ఎడ్. (ప్రాథమిక విద్యలో డిప్లొమా) చదువుతున్నప్పుడు. ఆ చదువు గురించి, ముఖ్యంగా పాఠ్య ప్రణాళిక రాయడం అనే పని గురించి, వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా పొందూరు దగ్గర ఒక ఊరు. డిగ్రీ పూర్తికాగానే ఇంటికి దగ్గరలో ఉన్న ఒక ప్రైవేటు ప్రాథమిక పాఠశాలలో చేరాను. బోధనలో శిక్షణ లేదు. పిల్లలంటే ఇష్టం, నా చిన్నప్పటి మాస్టార్లు చెప్పిన తీరు గుర్తుండటం, ఈ రెండే నా పెట్టుబడి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం శిక్షణ లేని ఉపాధ్యాయులు అయిదేళ్లలో అర్హత సంపాదించుకోవాలి. ఆ గడువు ముగిసినా లక్షలాది మంది శిక్షణ లేకుండానే పాఠాలు చెబుతూ ఉండటంతో, 2017లో పార్లమెంటు చట్టాన్ని సవరించి 2019 మార్చి 31 వరకు చివరి అవకాశం ఇచ్చింది. అప్పుడే జాతీయ సార్వత్రిక విద్యాపీఠం, అంటే ఎన్.ఐ.ఓ.ఎస్., ఉద్యోగంలో ఉన్నవారి కోసం డి.ఎల్.ఎడ్. కోర్సును దూరవిద్యలో ప్రారంభించింది. దేశమంతటా పది లక్షలకు పైగా ఉపాధ్యాయులు చేరిన ఆ కోర్సులో నేనూ ఒకదాన్ని. ఉద్యోగం నిలబెట్టుకోవడానికే చేరానన్నది నిజం. కానీ రెండు మూడు నెలలు గడిచేసరికి ఆ భయం పక్కకు తప్పుకుని, చదువు మీదే ధ్యాస నిలిచింది.

వారమంతా బడి, ఆదివారం అధ్యయన కేంద్రం. పొద్దున్నే పొందూరులో బస్సెక్కి, చిలకపాలెం మీదుగా శ్రీకాకుళం చేరి, సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేదాన్ని. రాత్రి వంట పని ముగిశాక మెటీరియల్ తీసి చదివేదాన్ని. ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక అయిన స్వయం పోర్టల్‌లో వీడియో పాఠాలు ఫోనులో చూసేదాన్ని. నేను ఇంగ్లీషు ప్రతినే చదివాను గనుక, పారిభాషిక పదాల కోసం పాత తెలుగు డి.ఎడ్. పుస్తకం ఒకటి పక్కనే ఉంచుకున్నాను. ఒక్కో కోర్సుకు ఒక్కో సంఖ్య ఉండేది. 502 ప్రాథమిక పాఠశాలల్లో బోధనా ప్రక్రియలు, 503 భాష, 504 గణితం, 505 పరిసరాల విజ్ఞానం, 507 సమాజానికీ ప్రాథమిక విద్యకూ ఉన్న సంబంధం. ఇప్పటికీ ఆనాటి సహాధ్యాయులం కలుసుకుంటే గణితం అనం, "అయిదువందల నాలుగు" అనే అంటాం.

రెగ్యులర్‌గా శిక్షణ కళాశాలలో చదివినవారికి గ్రంథాలయం, ప్రతిరోజూ అధ్యాపకులు, బోధనాభ్యాసం కోసం, అంటే పాఠం చెప్పి సాధన చేయడం కోసం, కేటాయించిన బడులు ఉంటాయి. మాకు అవేవీ లేవు. అయితే వారికి లేనిది ఒకటి మాకు ఉంది: రాత్రి చదివిన విషయాన్ని తెల్లవారి తొమ్మిదిన్నరకల్లా పరీక్షించి చూడటానికి ముప్ఫైమంది పిల్లలు మా ఎదుట కూర్చుని ఉండేవారు. పుస్తకంలో చదివిన మాట నిజమో కాదో తెలుసుకోవడానికి వాళ్ల ముఖాలు చూస్తే చాలు. దూరవిద్యలో ఉపాధ్యాయ శిక్షణ సరిపోతుందా అని ఎవరైనా అడిగితే నేను మొదట ఈ మాటే చెబుతాను. తరగతి చేతిలో ఉన్న మనిషికి అది సరిపోవడమే కాదు, కొన్ని విషయాల్లో మేలు కూడా చేస్తుంది. తరగతి చేతిలో లేని మనిషికి ఇదే చదువు కాగితం మీదే ఉండిపోతుంది.

అంతకు ముందు కూడా నేను పీరియడ్ ప్లాన్ రాసేదాన్ని. లక్ష్యాలు, బోధనోపకరణాలు, ఉపాధ్యాయుని కృత్యం, విద్యార్థి కృత్యం, నల్లబల్ల పని, మూల్యాంకనం అని గడులు గీసి, గైడులో ఉన్నది ఎక్కించి, శనివారం హెడ్మాస్టరుగారి సంతకం తీసుకునేదాన్ని. "విద్యార్థి కృత్యం" అన్న గడిలో ప్రతిరోజూ "వింటారు, సమాధానం చెబుతారు" అనే రెండు మాటలే ఉండేవి. 504 చదువుతున్నప్పుడు పిల్లల తప్పుల గురించిన భాగం ఒకటి వచ్చింది. పిల్లలు చేసే తప్పుల్లో చాలావరకు అజాగ్రత్త వల్ల వచ్చేవి కావనీ, వాళ్లు తమకు తెలిసిన ఒక నియమాన్ని అది పనికిరాని చోట కూడా వాడటం వల్ల వస్తాయనీ అక్కడ చదివాను. "పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలి" అని రెండో తరగతిలో నేనే పదేపదే చెప్పాను. మూడో తరగతిలో వాళ్లు ఆ మాటనే పాటించి 35 అంటున్నారు. ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్రపట్టలేదు.

మా వైపు గోగు పంట ఎక్కువ. గోగుకట్టలను చెరువులో ఊరవేసి నార ఒలిచాక మిగిలే పుల్లలు తెల్లగా, బెండులాగా తేలికగా ఉంటాయి. ఏ ఇంటి పెరట్లో చూసినా పొయ్యి రాజేయడానికి దాచిన గోగుపుల్లల మోపు కనిపిస్తుంది. పిల్లలను తలా ఒక గుప్పెడు తెమ్మని, జానెడు ముక్కలుగా విరిపించి, పదేసి పుల్లలను రబ్బరు బ్యాండుతో కట్టలు కట్టించాను. నలభై రెండు అంటే నాలుగు కట్టలు, రెండు విడిపుల్లలు. అందులోంచి పదిహేడు నాకు ఇవ్వమన్నాను. మొదటి వరుసలో కూర్చునే పిల్లవాడు ఒక కట్ట తీసి ఇచ్చాడు, విడిగా ఉన్న రెండూ ఇచ్చాడు, ఆగిపోయాడు. నేను ఏమీ అనలేదు. (ఏమీ అనకుండా ఉండటం ఆ ప్లానులో నేను రాసుకున్న అతి ముఖ్యమైన వాక్యం; దాన్ని పాటించడానికి నాకు చాలా కష్టమైంది.) కాసేపటికి పక్కనున్న అమ్మాయి, "కట్ట ఇప్పెయ్‌రా" అంది. వాడు రబ్బరు బ్యాండు తీసి, పుల్లలు నేల మీద పరిచి, అయిదు లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. తన దగ్గర మిగిలినవి చూసుకుని, "రెండు కట్టలే ఉన్నాయి టీచరూ, ముప్పై ఐదు ఎలగవుద్ది?" అన్నాడు. అడ్డగీత పెట్టాల్సిన అవసరం నాకు రాలేదు. అప్పు తెచ్చుకోవడం అన్న మాట కూడా ఆ వారం నేను వాడలేదు. అప్పు తెస్తే తిరిగి ఇవ్వాలి కదా అని పిల్లలు అనుకోవడం సహజం. ఇక్కడ జరుగుతున్నది కట్ట విప్పడమే.

ఆ రోజు నుంచి నా ప్లానులో కొత్తగా రెండు గడులు చేరాయి. "పిల్లలు ఇక్కడ ఏమని పొరబడవచ్చు" అనేది మొదటిది, "నిజంగా ఏం జరిగింది" అనేది చివరిది. ఈ రెండింటినీ ఎవరూ అడగలేదు, వీటికి మార్కులూ లేవు. కానీ మిగిలిన గడులన్నీ ఈ రెండింటి మధ్య నిలబడి ఉంటాయని నా అనుభవం.

భాష బోధన దగ్గర నాకు ఇంతకంటే పెద్ద కుదుపు వచ్చింది. మా పిల్లలు ఇంట్లో మాట్లాడేది ఉత్తరాంధ్ర తెలుగు. "నాను మా తాతతోటి సంతకెల్నాను" అని ఒక అమ్మాయి నోటుబుక్కులో రాస్తే, గతంలో నేను ఎర్రసిరాతో "నేను", "వెళ్లాను" అని దిద్ది పంపేదాన్ని. ఆ అమ్మాయి తరువాతి వారం రెండే వాక్యాలు, అవీ పాఠంలోంచి చూసి రాసేది. ఇంటి భాషను బడి అంగీకరించకపోతే పిల్లలు మాట్లాడటం మానేస్తారన్న విషయం 503లో చదివినప్పుడు, ఈ సంగతి చెప్పడానికి మనకు ఎక్కడో వెతకాల్సిన పనిలేదు కదా అనిపించింది. మన జిల్లాలోనే, వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల మాటల్లోనే చదువు చెప్పాలని పుస్తకాలు తయారుచేశారు, బడులు పెట్టారు. ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం జరిపి, పిల్లల చేత పద్యాలు చెప్పించి, మిఠాయి పంచిన నేనే, ఆ మర్నాడు "నాను" అన్న మాటను ఎర్రసిరాతో కొట్టేశాను. ఇది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇప్పుడు తెలుగు పాఠానికి మొదటి పీరియడ్ పూర్తిగా పిల్లల మాటలకే. కథను వాళ్ల తీరులో చెప్పనిస్తాను, చెప్పింది చెప్పినట్టే బోర్డు మీద రాస్తాను. రెండో పీరియడులో బోర్డును రెండుగా గీసి, ఒకవైపు ఇంట్లో ఎలా అంటామో, రెండోవైపు పుస్తకంలో ఎలా ఉంటుందో వాళ్ల చేతే రాయిస్తాను. ఏటి, ఏమిటి, సెరువు, చెరువు, అలగ, అలా, ఒత్తాను, వస్తాను. ఏ వైపునూ కొట్టెయ్యను. రెండు మూడు వారాల్లోనే పిల్లలు ఎప్పుడు ఏది వాడాలో తెలుసుకుంటారు, రాసే వాక్యాల సంఖ్యా పెరుగుతుంది. సంతకు వెళ్లిన అమ్మాయి ఆ తరువాత సంతలో తప్పిపోయిన మేకపిల్ల గురించి ఒకటిన్నర పేజీ రాసింది.

507 కోసం సమాజంలోని వనరులను బడికి ఎలా తెచ్చుకోవచ్చో ఒక అసైన్‌మెంటు రాయాలి. పొందూరు ఖద్దరు పేరు తెలియని తెలుగువారు తక్కువ. దాని సన్నదనం వెనుక ఉన్న పని గురించి మాత్రం మా ఊరి చుట్టుపక్కల పిల్లలకు కూడా అంతగా తెలియదు. నాలుగో తరగతిలో "బట్టలు" అన్న పాఠానికి ఒక పిల్లవాడి నానమ్మను తరగతికి రమ్మని అడిగాను. "నాకేటొచ్చు టీచరమ్మా, నేను సదూకోలేదు" అన్నారావిడ. "మీకు వచ్చింది నాకు రాదు మామ్మగారూ, మీరే చెప్పాలి" అని బతిమాలి తీసుకొచ్చాను. చాప మీద కూర్చుని, సంచిలోంచి వాలుగ చేప దవడ ఎముక తీసి, దాని సన్నటి పళ్లతో దూదిని దువ్వడం మొదలుపెట్టగానే ముప్ఫైమందిలో ఒక్కరు కూడా కదలలేదు. గింజ చుట్టూ ఉన్న పోగులు ఒకే వరుసలోకి రావడం, అందులోని నలుసు రాలిపోవడం పిల్లలు దగ్గరికి వంగి చూశారు. "చేప పళ్లే ఎందుకు, దువ్వెనతో దువ్వకూడదా?" అని అడిగిందొక అమ్మాయి. ఆవిడ నవ్వి, పిల్లల దువ్వెన ఒకటి తీసుకుని దూదిని దువ్వి చూపించారు, పోగులు తెగిపోయాయి. నేను ఆ ప్లానులో రాసుకున్న ప్రశ్నలు ఏడు. వాటిలో ఒక్కటి కూడా ఆ అమ్మాయి ప్రశ్నకు సాటిరాదు, అందుకే మిగతావి అడగకుండా పక్కన పెట్టేశాను. రాసుకున్న ప్రణాళికను ఎక్కడ వదిలెయ్యాలో తెలియడం కూడా ప్రణాళికలో భాగమేనని ఆ రోజు నాకు అర్థమైంది.

ఆ 507 చదువుతున్న రోజుల్లోనే, 2018 అక్టోబరు 11న, తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటింది. మా వైపు వానలతో సరిపోయింది గానీ, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. మా కేంద్రానికి ఆ వైపు నుంచి వచ్చే ఇద్దరు ఉపాధ్యాయినులు రెండు ఆదివారాలు రాలేదు. వచ్చిన రోజు, ఇళ్లలో కరెంటు లేక కొవ్వొత్తి వెలుగులో రాసిన అసైన్‌మెంట్లు తెచ్చారు. ఆ కాగితాలు నేను చేతితో పట్టుకుని చూశాను.

ఆ కాగితాల గురించి ఎందుకు చెబుతున్నానంటే, అదే సమయంలో నేను చదివిన కేంద్రానికి దగ్గరలోని జిరాక్సు కొట్లో అన్ని అసైన్‌మెంట్లకూ సిద్ధంగా రాసిన జవాబులు అమ్మేవారు. కొనుక్కుని, అక్షరం మార్చకుండా ఎక్కించి ఇచ్చినవారికి, కొవ్వొత్తి వెలుగులో సొంతంగా రాసినవారికి ఇంచుమించు ఒకే మార్కులు పడ్డాయి. దిద్దేవారు పేజీలు లెక్కపెట్టి సంతకం చేశారు. నా గోగుపుల్లల పాఠం రాసిన పేజీల మీద ఒక్క వ్యాఖ్య అయినా ఉంటుందేమోనని ఆశగా తిరగేశాను. చివర టిక్కు మాత్రమే ఉంది. దూరవిద్యలో అభ్యాసకుడికీ బోధకుడికీ మధ్య నిజమైన సంభాషణ జరిగే చోటు అసైన్‌మెంటు ఒక్కటే. అది మూసుకుపోతే, ఎంత మంచి మెటీరియల్ ఉన్నా మనిషి ఒంటరిగానే మిగిలిపోతాడు. ఈ విషయంలో నాకు అప్పుడు బాధ కలిగింది, ఇప్పటికీ ఉంది.

ఆ లోటును కొంతవరకైనా పూడ్చుకున్నది మేమే. బోధనాభ్యాస దశలో, నాకంటే నాలుగేళ్లు పెద్దయిన సహాధ్యాయిని ఒకావిడ, నేను అక్కా అని పిలిచేదాన్ని, తన బడికి సెలవున్న రోజున మా బడికి వచ్చి వెనక బల్ల మీద కూర్చునేది. నేనూ అలాగే ఆమె తరగతికి వెళ్లేదాన్ని. మొదటిసారి ఆమె నా పాఠం చూసి ఒక కాగితం మీద గీతలు గీసి ఇచ్చింది. నలభై నిమిషాల్లో నేను అడిగిన ప్రశ్నలు ముప్ఫై ఒకటి. వాటిలో ఇరవై రెండింటికి జవాబు నేనే చెప్పేశాను. "చెల్లీ, నువ్వు అడిగాక అయిదు లెక్కపెట్టేంతసేపు ఆగు, చాలు" అంది. పుస్తకంలో ఈ మాట చదివి, పరీక్షలో రాసి, మార్కులు కూడా తెచ్చుకున్నదాన్నే. నా తరగతిలో నేను ఆగడం లేదన్న సంగతి మాత్రం ఆ గీతలు చూసేదాకా నాకు తెలియదు. దూరవిద్యలో ఇప్పుడు చేరుతున్నవారికి నేను ఇచ్చే సలహా ఇదొక్కటే: ముందు అలాంటి ఒక అక్కను వెతుక్కోండి.

ఏడాది ప్రణాళిక గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నాలో మార్పు ఎక్కువగా కనిపించింది అక్కడే. విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధనా గంటలు ఉండాలంటుంది. నేను చాలాకాలం పుస్తకంలోని పేజీలను ఆ రోజులతో భాగించి, నెలకు ఇన్ని పాఠాలని రాసుకుని ఊరుకునేదాన్ని. కోర్సు చివరి నెలల్లో క్యాలెండరు ముందు పెట్టుకుని మొదటిసారి నిజాయితీగా లెక్క వేశాను. పరీక్షల రోజులు, వాటికి ముందు పునశ్చరణ, అక్టోబరు వానలు, గోగు కోతల కాలంలో పెద్ద పిల్లలు రాని రోజులు, సంక్రాంతికి ముందూ వెనుకా తరగతి పలచబడే రోజులు తీసేస్తే, గణితానికి నిజంగా మిగిలేవి నూట యాభైకి కాస్త అటూ ఇటూగా పీరియడ్లు. అన్ని పాఠాలనూ సమానంగా చూస్తే అవి చాలవు. అందుకని మూడో తరగతిలో స్థానవిలువలకూ, కట్ట విప్పే తీసివేతకూ మూడు పీరియడ్లకు బదులు తొమ్మిది ఇచ్చాను. డబ్బుల పాఠానికి రెండే ఇచ్చాను. కిరాణా కొట్టుకు వెళ్లి చిల్లర తప్పు లేకుండా తెచ్చే పిల్లలకు ఆ పాఠంలో నేను కొత్తగా చెప్పేది ఎక్కువ లేదు. సిలబసు పక్కకు పోతోందని మా బడిలో మొదట అభ్యంతరం వచ్చింది. మార్చిలో పిల్లల జవాబుపత్రాలు చూపించాక రాలేదు.

చదివిన చోటే ఆగకుండా, మెట్టు మెట్టుకూ అదే విషయాన్ని కాస్త లోతుగా తిరిగి చెప్పాలన్న మనోవిజ్ఞానవేత్త బ్రూనర్ ఆలోచనను మా శిక్షణ పుస్తకాల్లో సర్పిల పద్ధతి అంటారు. పరీక్ష కోసం కంఠస్థం చేసిన ఆ పదానికి అర్థం నాకు అయిదో తరగతిలో దశాంశాలు చెబుతున్నప్పుడు తెలిసింది. ఒక గోగుపుల్లను చేతిలోకి తీసుకుని, "ఇప్పుడు దీన్ని కూడా పది ముక్కలు చేస్తే?" అని అడిగాను. రెండేళ్ల క్రితం కట్ట విప్పిన పిల్లలే వాళ్లు. లోపల నేను అయిదు లెక్కపెట్టుకుంటూ ఉండగా, మూడు దగ్గరికి వచ్చేసరికి చేతులు లేచాయి.

ఈ ఏడు మూడో తరగతి మళ్లీ నాకే వచ్చింది. స్థానవిలువల పాఠం వచ్చే సోమవారం. పుల్లలు తెమ్మని పిల్లలకు చెప్పాను. ప్లానులో మొదటి గడి నిండింది: 300లోంచి 8 తీయమంటే, పదుల దగ్గర విప్పడానికి కట్టే లేదు గనుక ఎక్కువమంది అక్కడ ఆగిపోవచ్చు; వంద పుల్లల పెద్దమోపు ఒకటి ముందే కట్టి ఉంచుకోవాలి. చివరి గడి సోమవారం సాయంత్రం రాస్తాను.